గంగపాలు కాని కార్బన్

తొలకరి పడిన కొన్నాళ్ళకు గోదావరికి ఎర్రనీరు వస్తుంది. మా చిన్నప్పుడు ఆ కబురు ఇంటింటికీ తిరిగేది. పులస కోసం ఎదురుచూసేవారు, లంకల్లోంచి పశువులను గట్టు మీదికి తోలుకొచ్చేవారు, ఎవరి హడావుడి వారిది. నాకు మాత్రం ఆ రంగు చూస్తే చాలు. యానాం దగ్గర గౌతమి గట్టు మీద నిలబడేవాణ్ణి. ఎక్కడో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కడిగి తెచ్చిన మట్టి, ఆకులు, కొమ్మలు, ఒక్కోసారి వేళ్ళతో సహా లేచి వచ్చిన చెట్లు నా కళ్ళ ముందే సముద్రం వైపు సాగిపోయేవి. ఒకసారి మా నాన్నగారిని అడిగాను, ఇదంతా ఎక్కడికి పోతుందని. సముద్రంలోకి అన్నారు. ఆ తర్వాత అని అడిగాను. "ఆ తర్వాత ఇంకేముంది నాన్నా, గంగపాలే" అన్నారు.

గంగపాలు అంటే పోయినట్లే, ఇక తిరిగి రానట్లే, ఆ పద్దు కొట్టేసుకోవచ్చు అని. పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతూనే ఉంది. పదార్థం ఎక్కడికీ పోదు, రూపం మార్చుకుంటుంది, చోటు మార్చుకుంటుంది, అంతే. ఆమధ్య వాతావరణ మార్పు మీద జరిగిన ఒక సభకు వెళ్ళాను. సముద్రం చేత మరింత కార్బన్‌ను పీల్పించి, ఆ లెక్క చూపి కార్బన్ క్రెడిట్లు, అంటే ఇన్ని టన్నుల కార్బన్ తగ్గించామనే పత్రాలు, అమ్ముతామని చెప్పే ఒక సంస్థ తరఫున వచ్చిన యువకుడు చాలా చక్కగా మాట్లాడాడు. కార్బన్ ఒకసారి నీటిలోకి దిగితే ఇక మన సమస్య కాదన్నాడు. వెనక వరుసలో ఎవరో పెద్దమనిషి, అంత సముద్రానికి మన పొగ ఏపాటిది, సముద్రంలో కాకిరెట్ట అన్నారు. ఇద్దరూ మంచివారే. కానీ ఇద్దరూ పొరబడ్డారని నా నమ్మకం. సముద్రం ఎంత కార్బన్ తీసుకుంటుందన్నది సగం ప్రశ్న. తీసుకున్న నీరు ఏది, అది ఎటు పోతోంది, మళ్ళీ ఎప్పుడు పైకి వస్తుంది అన్నదే అసలు ప్రశ్న. దాన్ని విడిచిపెట్టి చేసే ఏ లెక్కనూ నేను ఒప్పుకోను.

ముందు కాకిరెట్ట సంగతి. అంకెలు చూస్తే ఆ పెద్దమనిషి మాట నిజమేననిపిస్తుంది. సముద్రంలో సుమారు 38,000 బిలియన్ టన్నుల కార్బన్ ఉంది. ప్రపంచపు గాలి మొత్తంలో ఉన్నదానికి ఇది 40 రెట్లకు పైమాటే. మనం బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి ఏటా గాలిలోకి వదిలేది సుమారు 10 బిలియన్ టన్నులు. (ఇక్కడ చెబుతున్నవన్నీ కార్బన్ టన్నులు. పత్రికలు తరచు కార్బన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ ఒకే గాటన కట్టేస్తాయి. ఒక టన్ను కార్బన్ అంటే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఈ తేడా చూసుకోకపోతే ఏ చర్చా ముందుకు సాగదు.) 38,000 పక్కన 10 నిజంగానే కాకిరెట్ట.

అయితే గాలి తాకేది సముద్రాన్నంతా కాదు. ఎండకు వేడెక్కి తేలికపడిన పై నీరు, చల్లగా బరువుగా ఉన్న లోతు నీటి మీద నూనె తెట్టులా తేలుతూ ఉంటుంది. ఆ పై పొరలో ఉన్న కార్బన్ సుమారు 900 బిలియన్ టన్నులు, అంటే గాలిలో ఉన్నదానికి కాస్త అటూ ఇటూ. గాలి బేరమాడేది ఈ పలచటి పొరతోనే. మిగిలిన 37,000 బిలియన్ టన్నుల భాండాగారం తలుపులు వేసుకుని కింద ఉంది. తలుపులు తెరుచుకునేది ప్రపంచం మొత్తం మీద కొన్ని చోట్ల మాత్రమే, అది కూడా చాలావరకు చలికాలంలోనే.

పై పొరకైనా తీసుకునే శక్తికి ఒక హద్దు ఉంది. ఇది నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠం, అయినా ప్రతిసారీ నాకే కొత్తగా అనిపించేది. ఆక్సిజన్ నీటిలో కరిగితే ఆక్సిజన్‌గానే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ అలా ఊరుకోదు. నీటితో కలిసి బైకార్బనేట్‌గా, కార్బనేట్‌గా మారిపోతుంది. సముద్రంలో కరిగి ఉన్న కార్బన్‌లో నూటికి 90 పాళ్ళు బైకార్బనేట్, 9 పాళ్ళు కార్బనేట్. గాలిలోకి తిరిగి లేవగలిగిన వాయురూపంలో ఉన్నది ఒక్క పాలు. సముద్రం ఇంత కార్బన్‌ను పట్టి ఉంచగలగడానికి కారణం ఈ వేషం మార్చే విద్యే. కానీ కొత్తగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బనేట్‌గా మార్చాలంటే కార్బనేట్ ఖర్చు కావాలి. ఖర్చయినకొద్దీ విద్య మందగిస్తుంది, నీటిలో ఆమ్లత పెరుగుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 10 శాతం పెరిగితే పై నీటిలోని మొత్తం కార్బన్ పెరిగేది సుమారు 1 శాతమే. రోజర్ రెవెల్, హాన్స్ సూయెస్ 1957లో ఈ విషయం బయటపెట్టేదాకా, మనం వదిలిందంతా సముద్రం హాయిగా తాగేస్తుందనే చాలామంది శాస్త్రవేత్తలు నమ్మారు. ఆ మరుసటి ఏడాదే హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల భాగాల్లో 315గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

కాబట్టి కాకిరెట్ట పడుతున్నది సముద్రంలో కాదు, సముద్రం చర్మం మీద. దాన్ని లోపలికి తీసుకుపోగలిగినవి ప్రవాహాలే.

తీసుకుపోయే తీరు ఇలా ఉంటుంది. అమెరికా తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి పారే వెచ్చని నీరు గ్రీన్‌లాండ్ దరికి చేరేసరికి వేడిని గాలికి ఇచ్చేస్తుంది. చల్లబడినకొద్దీ దానికి వాయువులను కరిగించుకునే శక్తి పెరుగుతుంది. చల్లని సోడా సీసాలో గ్యాసు నిలిచినట్లు, వెచ్చని సీసాలోంచి తన్నుకు పోయినట్లు. ఉప్పు ఎక్కువ, చలీ ఎక్కువ కాబట్టి ఆ నీరు బరువెక్కి, పట్టుకున్న కార్బన్‌తో సహా రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగిపోయి, అడుగునుంచి దక్షిణానికి మళ్ళుతుంది. అంటార్కిటికా చుట్టూ మంచు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టబడి అంతకన్నా బరువైన నీరు తయారవుతుంది. అది సముద్రాల అట్టడుగున పరుచుకుంటుంది. 1987లో అమెరికా శాస్త్రవేత్త వాలెస్ బ్రోకర్ ఈ ప్రయాణాన్నంతా ఒకే ఒక్క పెద్ద పట్టీలా, కర్మాగారాల్లో సరుకు మోసే బెల్టులా బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ప్రపంచానికి ఈ సంగతి తెలియజెప్పింది. దానితోపాటే ఒక భ్రమనూ నాటింది. నీరు అంత క్రమశిక్షణగా ఒకే దారిలో పోదు. 2003 తర్వాత గ్రీన్‌లాండ్‌కూ కెనడాకూ మధ్య ఉన్న లాబ్రడార్ సముద్రపు నీటిలో, లోతున తేలుతూ నీటితోపాటే కొట్టుకుపోయే పరికరాలను వదిలి చూశారు. అవి అమెరికా గట్టు వెంబడి బుద్ధిగా దక్షిణానికి వస్తాయనుకున్నారు. చాలావరకు దారి తప్పి సముద్రం నడిమధ్యకు పోయాయి. సుడులు, ఉపసుడులు, వెనక్కి తిరిగే పాయలు. నిజమైన సముద్రం బెల్టు కన్నా మన డెల్టాకే దగ్గరగా ఉంటుంది. ఒక నది ఎన్ని పాయలవుతుందో, ఏ పాయ ఏ బాడవలో ఆగుతుందో ఎవరూ ఒక గీతతో చెప్పలేరు.

ఆ నీటి వయసు తెలుసుకున్న కథ నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. 1950లు, 60ల మొదట్లో అగ్రరాజ్యాలు బహిరంగంగా పేల్చిన అణుబాంబులు గాలిలో రేడియోధార్మిక కార్బన్‌ను దాదాపు రెట్టింపు చేశాయి. మనుషులు చేసిన ఆ పాపిష్టి పనే సముద్ర శాస్త్రానికి రంగు నీరులా పనికొచ్చింది. ఆ కార్బన్ ఏ నీటిలో కనబడితే ఆ నీరు ఇటీవల గాలిని తాకినట్లు. 1970ల్లో ఓడల మీద తిరిగి కొలిచినవారికి ఉత్తర అట్లాంటిక్ లోతుల్లో బాంబుల గుర్తులు అప్పటికే కనబడ్డాయి. పసిఫిక్ లోతుల్లో ఏమీ లేదు. అక్కడి నీరు ఆఖరిసారి గాలిని చూసి వెయ్యేళ్ళు దాటింది. అంటే మన రాజరాజనరేంద్రుడి కాలానికి ముందే మునిగిన నీరన్నమాట. ఆ నీటికి ఇప్పటి పొగ గొడవ తెలియదు. మనం ఇవాళ మునగబెట్టే నీరు మన తర్వాత ముప్పై నలభై తరాలకు తేలుతుంది.

అయితే తేలుతుంది. నా వాదమంతా ఈ ఒక్క మాట మీదే ఉంది.

తేలే చోటు ప్రధానంగా అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం. అక్కడ అడ్డు నిలిచే భూమి లేదు కాబట్టి పడమటి గాలులు భూగోళం చుట్టూ నిరాటంకంగా వీస్తాయి. వాటి కింద పరుగెత్తే ప్రవాహం ప్రపంచంలోకెల్లా పెద్దది, సెకనుకు 13 కోట్ల ఘనపు మీటర్లకు పైగా నీరు. ఆ అంకె మనసుకు ఎక్కాలంటే 1986 ఆగస్టు గుర్తుచేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన ఆ వరదను చూసినవారు ఇప్పటికీ ఆ రాత్రుల గురించి గొంతు తగ్గించే మాట్లాడతారు. అది సెకనుకు సుమారు లక్ష ఘనపు మీటర్లు. అటువంటి వరదలు 1,300 ఒకదాని పక్కన ఒకటి, ఏడాది పొడవునా, ఎన్నడూ తగ్గకుండా పారితే ఆ దక్షిణ ప్రవాహమవుతుంది. ఆ గాలులు పై నీటిని ఉత్తరానికి తోసేస్తే, ఖాళీని నింపడానికి శతాబ్దాల నాటి లోతు నీరు పైకి ఉబికి వస్తుంది. వచ్చేటప్పుడు, దారి పొడవునా పై నుంచి రాలిన జీవాల శవాలు కుళ్ళి చేర్చిన కార్బన్‌ను మోసుకొస్తుంది. కాస్త గాలికి వదిలేస్తుంది. మళ్ళీ ఉత్తరానికి జరిగి, చల్లబడి, మన పొగను పీల్చుకుని మునుగుతుంది. సముద్రాలన్నీ కలిసి తీసుకునే మన కార్బన్‌లో 40 శాతం దాకా ఈ ఒక్క ప్రాంతం తీసుకుంటుందని అంచనా. తీసుకోవడం, ఇవ్వడం రెండూ అక్కడే ఇంత పెద్ద ఎత్తున జరుగుతున్నప్పుడు మిగులు ఎంతో చెప్పడం ఎంత కష్టమో చూడండి. అక్కడ శీతకాలంలో ఓడలు తిరగవు. తమంతట తాము మునిగి తేలుతూ కొలిచే ఫ్లోట్లు వచ్చాక, ఆ చలికాలపు నీరు అనుకున్నదానికన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతోందని 2018లో ఒక లెక్క వచ్చింది. 2021లో విమానాల మీదినుంచి గాలిని కొలిచినవారు, కాదు, ఆ సముద్రం గట్టిగానే పీల్చుకుంటోందన్నారు. ఈ భేదాభిప్రాయాన్ని కొందరు శాస్త్రం మీద నమ్మకం లేకపోవడానికి కారణంగా చూపిస్తారు. నాకు మాత్రం ఎదురుగా ఉన్న పని ఎంత పెద్దదో అందులోనే కనిపిస్తుంది. ఈ పని పూర్తి కాకుండానే టన్నుకు ఇంత అని అమ్మేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఇక మన కడలి దగ్గరికి వస్తాను. బంగాళాఖాతాన్ని నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. దాని గురించి బడి పుస్తకాలు తుపానులు తప్ప ఏమీ చెప్పవని నాకు ఎప్పుడూ ఒక కోపం.

మిగతా మహాసముద్రాల్లా హిందూ మహాసముద్రానికి ఉత్తర ధ్రువం వైపు తలుపు లేదు. ఆసియా ఖండం అడ్డంగా కూర్చుంది. అందువల్ల గ్రీన్‌లాండ్ దగ్గర జరిగినట్లు ఇక్కడ నీరు చల్లబడి అడుగుకు మునిగే చోటే లేదు. విశాఖ తీరం దాటి మూడు కిలోమీటర్ల లోతుకు పోతే తగిలే అతి చల్లని నీరు దక్షిణ ధ్రువం దరినుంచి, భూమధ్యరేఖ దాటి పాకుతూ వచ్చింది. మనం ఒడ్డున వేడి ఇసుకలో నడుస్తుంటే, మన ముందున్న సముద్రం అడుగున అంటార్కిటికా నీరు ఉంది.

పక్కనే ఉన్న అరేబియా సముద్రానిది వేరే స్వభావం. మనకు వానలు తెచ్చే అదే నైరుతి గాలి సోమాలియా, ఒమన్ తీరాల దగ్గర పై నీటిని తోసేసి, కార్బన్ నిండిన లోపలి నీటిని పైకి లాగుతుంది. అందుకే అరేబియా సముద్రం మొత్తం మీద గాలికి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేదే తప్ప తీసుకునేది కాదు. ఒకే ఋతుపవనం మన పొలాలకు నీళ్ళు ఇస్తుంది, అక్కడ పాత కార్బన్‌ను తవ్వి తీస్తుంది. బంగాళాఖాతంలో అలా తవ్వడం కష్టం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. ఎంత గాలి వీచినా ఆ మూత తొందరగా కదలదు. కింది నుంచి ఎరువు లాంటి పోషకాలు రావు, పైన ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే సూక్ష్మజీవులు, పెద్దగా పెరగవు. కాబట్టి ఇక్కడ కార్బన్ లోతుకు పోవడమూ తక్కువే అయి ఉండాలని ఒకప్పుడు అనుకున్నారు.

1980ల చివర్లో భారత, జర్మన్ శాస్త్రవేత్తలు కలిసి బంగాళాఖాతం లోతుల్లో గరాటుల్లాంటి ఉచ్చులు వేలాడదీసి, పై నుంచి రాలేదాన్ని నెలల తరబడి పట్టి చూశారు. తేలిందేమిటంటే, అడుగుకు చేరే కార్బన్ అరేబియా సముద్రంతో పోల్చదగినంత ఉంది. పంట తక్కువే, కానీ పండినదానిలో ఎక్కువ పాలు అడుగుకు చేరుతోంది. కారణం మా చిన్నప్పటి ఎర్రనీరు. నదులు తెచ్చే సన్నని మట్టి రేణువులు చనిపోయిన ప్లవకాలకు, జీవుల విసర్జనకు అంటుకుని బరువు కడతాయి. బరువున్నది దారిలో కుళ్ళిపోయేలోపే గబగబా కిందికి దిగిపోతుంది. ఆ సంగతి మొదటిసారి చదివిన రోజు నాన్నగారు బతికి ఉంటే బాగుండుననిపించింది. ఆ మట్టి సముద్రంలో పని చేస్తోంది.

బంగాళాఖాతం అడుగున బెంగాల్ ఫ్యాన్ అనే మట్టి మేట ఉంది. హిమాలయాలు అరిగి రాలిన మట్టి, ఇసుక నీటి అడుగున బురద ప్రవాహాలుగా పరుగులు తీసి, సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున శ్రీలంక దాటి భూమధ్యరేఖ అవతలిదాకా పరుచుకున్నాయి. ఉత్తరాన దాని మందం 16 కిలోమీటర్ల పైనే. ప్రవాహం అనగానే మనకు నీరే తోస్తుంది. ఈ బురద ప్రవాహాలు కూడా ప్రవాహాలే, కార్బన్ విషయంలో బహుశా అత్యంత నమ్మకమైనవి. హిమాలయ నదులు తెచ్చే సేంద్రియ కార్బన్ ఇక్కడ దాదాపు చెక్కుచెదరకుండా పూడిపోతోందనీ, భూమి మీదినుంచి వెళ్ళి ప్రపంచ సముద్రాల అడుగున పూడే కార్బన్‌లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఈ పర్వతాలదేననీ 2007లో వాలియే గాలీ బృందం చూపింది. 2015లో ఒక పరిశోధక ఓడ శ్రీలంకకు తూర్పున, మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతున్న నీటి కింద ఈ మేటను తొలిచింది. పైకి వచ్చిన మట్టిలో కర్ర ముక్కలు దొరికాయి. హిమాలయాల అడవుల చెట్లవి. కొన్ని చాలా ఎత్తున పెరిగినవి. ఈ కర్ర పూడిక గత 1.9 కోట్ల ఏళ్ళుగా సాగుతోందని తేల్చారు. గట్టు మీద నిలబడి నేను చూసిన వేళ్ళతో సహా కొట్టుకుపోయే చెట్టుకు అటువంటి గతి పట్టవచ్చునని ఆ రోజుల్లో నాకు ఎవరు చెప్పగలిగేవారు?

చూశారా, తిరిగి రాని కార్బన్ కూడా ఉంది. అది నీటిలో కరిగినది కాదు, మట్టిలో పూడినది. ఈ రెంటికీ తేడా తెలియకుండా రెంటినీ సముద్రం ఖాతాలో ఒకటిగా రాసేయడమే నేను తప్పుపడుతున్నది. ప్రపంచంలోని వృక్షప్లవకాలు ఏటా సుమారు 50 బిలియన్ టన్నుల కార్బన్‌ను ఒంటికి పట్టిస్తాయి. పై పొరను దాటి కిందికి దిగేది సుమారు 10. మిగతాదంతా పైనే తినబడి, శ్వాసై, మళ్ళీ గాలి బేరానికే వస్తుంది. ఆ 10లో కూడా అత్యధిక భాగం దారిలోనే కరిగి నీటి ప్రయాణంలో కలుస్తుంది. అడుగు మట్టిలో పూడేది అతి కొద్ది.

మన గోదావరి కూడా తెచ్చిందంతా సముద్రానికి అప్పజెప్పదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం శాస్త్రవేత్తలు గౌతమి ముఖద్వారంలో 18 నెలల పాటు వరసగా కొలిచారు. ఎండాకాలంలో నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 500 మైక్రో అట్మాస్ఫియర్ల లోపే, ఇంచుమించు గాలితో సమానం. వరద ముమ్మరంగా ఉన్నప్పుడు అది 30,000 దాకా ఎగబాకింది. ఎర్రనీటితో వచ్చిన ఆకు, అలము బాక్టీరియాకు విందై, ఆ కార్బన్ సముద్రం ముఖం చూడకుండానే గాలిలోకి లేచిపోతోంది. ఏడాదిలో ఎప్పుడు కొలిచామన్నదాన్ని బట్టి ఒకే నది పుణ్యాత్మురాలిగానూ కనిపిస్తుంది, పొగగొట్టంగానూ కనిపిస్తుంది. వేసవిలో రెండు రోజులు పడవ వేసుకుని కొలిచి నివేదిక రాసేవారిని నేను నమ్మను.

ఇంకో దిగులు ఉంది. ఆనకట్టలు, జలాశయాల వల్ల గోదావరి తెచ్చే మట్టి 1970లతో పోలిస్తే 1990ల నాటికి దాదాపు మూడో వంతుకు పడిపోయిందని ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో రాశారు. డెల్టా అంచు కోతకు గురవడం అందరికీ కనబడుతోంది, ఉప్పాడలో ఇళ్ళు పోయినవారిని అడగండి. లోపల, కంటికి కనబడని చోట, ప్లవకాలకు బరువు కట్టే మట్టి కూడా తగ్గింది. దాని వల్ల లోతుకు దిగే కార్బన్ తగ్గిందా అని అడగడం నాకు అవసరమనిపిస్తుంది. సాగునీటి ప్రాజెక్టుల మీద ఎన్ని వాదాలు విన్నానో లెక్కలేదు. ఈ ప్రశ్న ఒక్కసారైనా వినలేదు.

సభలో ఆ యువకుడు చెప్పిన పథకంలో ఇనుము కూడా ఉంది. సముద్రంలో ఇనుము చల్లితే ప్లవకాలు పెరుగుతాయి, కార్బన్ పీల్చుకుని మునుగుతాయి అన్నది పాత ఆలోచనే. దాన్ని పరీక్షించినవారిలో మన దేశమూ ఉంది. 2009 జనవరిలో జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్ కేప్‌టౌన్ నుంచి బయల్దేరింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ నుంచి వజీహ్ నఖ్వీ, జర్మనీ నుంచి విక్టర్ స్మెటాచెక్ నాయకత్వం. పేరు లోహాఫెక్స్. అందులో లోహం మన లోహమే. దక్షిణ అట్లాంటిక్‌లో తనలో తాను తిరిగే ఒక పెద్ద సుడిని ఎంచుకుని, 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప ఉప్పు కలిపి, 39 రోజులు ఆ నీటి వెంటే తిరిగారు. ప్లవకాలు పెరిగాయి. పెరిగినవాటిని చిన్న రొయ్యల్లాంటి జీవులు మేసేశాయి. వాటిని మరో జాతి తినేసింది. లోతుకు దిగిన కార్బన్ నామమాత్రం.

అదే ఓడ 2004లో చేసిన ఇలాంటి పరీక్షలో మాత్రం ప్లవకాల్లో సగానికి పైగా వెయ్యి మీటర్ల కిందికి మునిగాయి. ఇనుము ఒకటే, ఓడ ఒకటే. తేడా నీటిది. 2004 నాటి సుడిలో, దక్షిణాన ఉబికివచ్చిన లోతు నీటి సిలికా మిగిలి ఉంది. గాజు పెంకు కట్టుకునే డయాటమ్‌లు అక్కడ పెరిగాయి, వాటిని తినడం కష్టం, మునగడం సులువు. 2009లో ఎంచుకున్న నీరు ఉత్తరంగా పారి వచ్చే దారిలోనే సిలికాను పోగొట్టుకుంది. అంటే ఇనుము చల్లక ముందే ఆ ప్రయోగం ఎలా ముగుస్తుందన్నది చాలావరకు ఆ నీటి పూర్వచరిత్రలో రాసి ఉంది. విఫలమైందని కొందరు ఈ ప్రయోగాన్ని తీసిపారేశారు. నేనైతే మన శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అత్యంత విలువైన పాఠాల్లో ఇది ఒకటని చెబుతాను. ఆ యువకుడికి చెప్పాను కూడా. సిలికా గురించి తన పత్రాల్లో ఏమీ లేదని ఒప్పుకున్నాడు, చదువుతానన్నాడు. చదివి ఉంటాడనే అనుకుంటున్నాను.

సముద్రం మన పొగలో నాలుగో వంతు మోస్తున్న మాట నిజం. 1994 నుంచి 2007 దాకా తీసుకున్నది 34 బిలియన్ టన్నులని ఓడల మీద తిరిగి పట్టిన నీటి నమూనాలు చెబుతున్నాయి. ఆ మేలును నేను తక్కువ చేయను. అది లేకపోతే మన ఎండలు ఇప్పటికే ఇంకో మెట్టు ఎక్కి ఉండేవి. కానీ ఆ మోత చాలావరకు పై వెయ్యి మీటర్లలోనే ఉంది. గాలికి దగ్గరగానే ఉంది. పై నీరు ఇంకా వేడెక్కితే, ధ్రువాల దగ్గర మునగడం మందగిస్తే, తలుపులు ఇంకాస్త మూసుకుంటాయి. ఉత్తర అట్లాంటిక్‌లో ఆ మునక వేగాన్ని 2004 నుంచి అడ్డంగా పరికరాలు పాతి నిరంతరం కొలుస్తున్నారు. ఇరవై ఏళ్ళ పైబడిన ఆ కొలత కూడా ఈ శతాబ్దపు మార్పును తేల్చి చెప్పడానికి చాలడం లేదు. బంగాళాఖాతం నడిమధ్యలో, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎడతెగకుండా కొలిచే బోయా, అంటే లంగరు వేసి తేలగట్టిన పరికరం, మొదలైంది 2013 చివర్లో. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం మత్స్యకారులకు వేట చోట్లు చెబుతుంది, సునామీ హెచ్చరికలు ఇస్తుంది. దాని పని మీద నాకు ఎంతో గౌరవం. ఇంత పెద్ద అఖాతంలో కార్బన్ ప్రయాణాన్ని చూడటానికి ఇటువంటి బోయాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మన తీరం వెంబడి పారే ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. మాఘ ఫాల్గుణాల నుంచి వేసవి దాకా ఉత్తరానికి పారి, విశాఖ దరిదాపుల్లో తీరాన్ని విడిచి లోపలికి మళ్ళుతుంది. కార్తీకం వచ్చేసరికి దక్షిణానికి తిరిగి, వానాకాలమంతా నదులు నింపిన మంచినీటిని మోసుకుంటూ మచిలీపట్నం, నెల్లూరు, చెన్నై దాటి, శ్రీలంకను చుట్టి అరేబియా సముద్రంలోకి పోతుంది. కాకినాడ రేవులో వేటకు పోయేవారికి ఇది ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. వల ఏ వైపు లాగుతోందో వారి చేతికే తెలుస్తుంది. గౌతమి ముఖద్వారం నుంచి మొదలుపెట్టి ఈ దారి పొడవునా, కనీసం నాలుగైదు చోట్ల, వరదలోనూ ఎండలోనూ, పైనా లోతునా కార్బన్‌ను కొలిచే ఏర్పాటు కావాలి. ఒక ప్రాజెక్టు గడువుకు మూడేళ్ళు కొలిచి ఆపేసేది కాదు. ధవళేశ్వరంలో నీటిమట్టం తరతరాలుగా రాస్తున్నట్లు రాసేది. సముద్రంలో కార్బన్ దాస్తామని మన తీరానికి ఏ సంస్థ వచ్చినా, ప్రభుత్వం అడగవలసిన మొదటి ప్రశ్న టన్నుల గురించి కాదు. మీరు దించే నీరు కార్తీకంలో ఎక్కడ ఉంటుంది, మళ్ళీ గాలిని ఏ తీరంలో తాకుతుంది, ఎన్నేళ్ళకు, దాన్ని అప్పుడు కొలిచేది ఎవరు, ఆ ఖర్చు ఎవరిది అని.